దేవుడి గదిలో వైఫై

చింతామణిలో మా అత్తగారింట్లో టెలిఫోన్ దేవుడి గదిలో ఉండేది. నవ్వకండి. మా మామగారు పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టేవారు. కైవార చుట్టుపక్కల పల్లెల నుంచి పెళ్ళికీ, గృహప్రవేశానికీ, పిల్లవాడికి చెవులు కుట్టించడానికీ ఫోన్లు వచ్చేవి. ఆయన పీట మీద నుంచి లేవకుండానే ఫోనెత్తి, ఒళ్ళో పంచాంగం తిప్పి, మంచి రోజేదో చెప్పేసేవారట. నేను కోడలిగా వచ్చేసరికే ఆయన పోయారు. ఫోను మాత్రం గోడ గూట్లో, పటాల కింద, అలాగే ఉంది.

అందుకే రెండువేల ఎనిమిది ప్రాంతంలో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు మోడెం పెట్టె కూడా దేవుడి గూట్లోకే చేరింది. టెలిఫోన్ ఆఫీసు మనిషి చేత మా అత్తగారు కాళ్ళు కడిగించి గానీ గడప దాటనివ్వలేదు. అతను గూట్లో తొంగి చూసి, "లైను ఈడే ఉండాది కదమ్మా, డబ్బా ఈడే పెడ్తాను. తీగ లేకనే ఇల్లంతా వస్తాది," అన్నాడు. అతను అటు వెళ్ళగానే అత్తగారు పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన ఒక చేమంతి పువ్వు ఉంచారు. పెట్టె అడుగున అతికించిన చీటీ మీద వైఫై కీ ఉంటుందని ఆమెకు తెలియదు కదా. పసుపు సరిగ్గా దాని మీదే పడింది. మా ఆయన టార్చి వేసి, తడిగుడ్డతో తుడుస్తూ ఒక్కొక్క అక్షరమే చదివితే, నేను హాల్లో కూర్చుని లాప్‌టాప్‌లో కొట్టాను. ఎన్నోసారికో గాని కుదరలేదు. కుదిరాక తెర మూలనున్న సిగ్నల్ గీతలన్నీ పచ్చబడ్డాయి. ఆ వీధి మొత్తంలో నా లాప్‌టాప్‌కు కనిపించే నెట్‌వర్క్ మాదొక్కటే. ఆ రోజు నాకు భూమి మీద కాలు ఆనలేదు.

నా పని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక చెప్పిన మాటలు రికార్డై మన దగ్గరికి వస్తాయి. వాటిని విని, తప్పు లేకుండా టైపు చేసి, అడిగిన వేళకు తిరిగి పంపాలి. పెళ్ళికి ముందు బెంగళూరులో ఒక కంపెనీలో చేసేదాన్ని. పెళ్ళయ్యాక ఇంట్లో నెట్ ఉంటే ఇంటి నుంచే చేసుకోమన్నారు. లాప్‌టాప్, హెడ్‌ఫోను, ఆడియోను ఆపడానికీ నడపడానికీ కాలి కింద ఒక పెడల్ ఇచ్చారు. ఆ పెడల్ చూసి వీధిలోవాళ్ళు నేను మిషను కుడుతున్నాననే అనుకున్నారు. ఒకావిడ రవిక గుడ్డ పట్టుకుని కూడా వచ్చింది.

ఆ పనంటే నాకు ప్రాణం. గుడిబండె కొండ కింద పుట్టి, చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదివి, పెళ్ళితో ఇక అంతే అనుకున్నదాన్ని. ఎక్కడో ఒక డాక్టరు దగ్గుతూ, గొణుగుతూ, సగం మింగేసి చెప్పిన మందు పేరును నేను పట్టుకోగలిగితే ఆ పూటంతా హుషారుగా తిరిగేదాన్ని. ఏడాదిలో నన్ను ఎడిటర్‌ని చేస్తారని, అంటే మిగతావాళ్ళు టైపు చేసినవి నేను దిద్దుతానని, మా సూపర్‌వైజర్ ఆశ పెట్టింది. నా జీవితంలో నన్నెవరూ అంతకు ముందు పై మెట్టు ఎక్కమనలేదు.

మా ఆయన బాగేపల్లిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. పర్మినెంటు కాదు, అతిథి ఉపన్యాసకుడు. జీతం కూడా అతిథిలాగే ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేది. మనిషి నెమ్మది. పాఠం మాత్రం బాగా చెప్తాడని పేరు. వైఫై వచ్చిన వారంలోనే భోజనం దగ్గర అత్తగారు అడిగారు.

"తీగ లేకనే యాడినుంచి వస్తాదిరా అది?"

"అలల మాదిరి వస్తాదమ్మా. గోడలుండినా దూరుకొని పోతాది. గూట్లోని డబ్బా పంపిస్తే లాప్‌టాప్ తీసుకుంటాది, లాప్‌టాప్ పంపిస్తే డబ్బా తీసుకుంటాది. రెండూ మాట్లాడుకుంటానే ఉంటాయి."

"మన మీద కూడా పడ్తాదా?"

"అందరి మీదా పడ్తాది."

ఎంత తేలిగ్గా చెప్పాడు అని ఆ రోజు నేను మురిసిపోయాను. నా మొహానికి మురిపెం ఒకటి!

మా ఇంట్లో ఆడవాళ్ళు నెలకోసారి బయట ఉండాలి. అంటే వంటింటికీ దేవుడి గదికీ దూరంగా, వాకిలి పక్కనున్న చిన్న గదిలో, చాప, చెంబు, కంచం వేరే పెట్టుకుని మూడు రోజులు. నాకిది కొత్త కాదు. మా పుట్టింటివాళ్ళదీ గుడి సేవ చేసిన వంశమే. నిజం చెప్పాలంటే మొదట్లో ఆ గది హాయిగానే అనిపించింది. వంట లేదు, వడ్డన లేదు, కంచంలోకి అన్నం వస్తుంది. తలుపు దగ్గరేసుకుని పని చేసుకునేదాన్ని. వైఫై గోడలు దాటుకుని ఆ గదిలోకీ వచ్చేది. దానికి నా మైల తెలియదు పాపం అని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

ఒక నెల, ఫైలు సగం దిగుతుండగా గీతలన్నీ పోయాయి. కరెంటు పోయిందనుకుని గదిలోంచే కేకేశాను.

"కరెంటు ఉండాదమ్మా. నేనే ఆపితిని," అన్నారు అత్తగారు వాకిట్లోకి వచ్చి, దూరంగా నిలబడి.

"ఎందుకత్తమ్మా?"

"నువ్వు బయట ఉండావు కదా. నీ పెట్టెలోనుంచి పోయేది దేవుని గూట్లోకే కదా పోయేది. తీగ లేకపోయినా అంటుతాదంట. మూడు దినాలే కదా, నీ తలస్నానం అయితానే వేస్తాలే."

నేను ముట్టుకున్న చెంబు మైల పడుతుంది, చాప మైల పడుతుంది, సరే, పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. గాలిలో పోయే అలకు కూడా మైల అంటగట్టే తెలివి ఈ ముసలావిడకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి నేనే స్విచ్చి వేయొచ్చు కదా అంటారేమో. మీరు ఆ ఇళ్ళలో పెరగలేదన్న మాట. నేను ఆ గదిలో అడుగుపెడితే దేవుడి సామానంతా కడగాలి, మడినీళ్ళు మళ్ళీ తోడాలి, ఆ పూట వండినదంతా పారబోయాలి. అరవై దాటిన మనిషి అదంతా చేసి, ఉపవాసం ఉండి, నన్నొక్క మాట కూడా అనకుండా పడుకుంటుంది. ఆ అనకపోవడమే నాకు భయం.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన మా ఆయనతో కిటికీలోంచి చెప్పుకున్నాను. పెట్టెను హాల్లోకి మార్పిస్తే పీడా పోతుంది కదా అన్నాను. తను మాట్లాడతానన్నాడు. మర్నాడు వచ్చి అదే కిటికీ దగ్గర గొంతు తగ్గించి అన్నాడు:

"చెప్పి చూస్తిని. నాయన పెట్టిన చోటంట. డబ్బా కదిలిస్తే అన్నం మానేస్తానంటాంది. పెద్దామె. మూడు దినాలకు ఇంత రాద్ధాంతం ఎందుకు చెప్పు?"

అత్తగారితో నేరుగా తేల్చుకునే అలవాటు మా కోడళ్ళకు లేదు, అందులోనూ ఇలాంటి విషయం. మొగుడు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తాడు. ఆయన మోశాడు, నేను నమ్మాను.

బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు ఉండేది. కానీ రోగుల సంగతులు పదిమంది వాడే నెట్ మీద తెరవకూడదని కంపెనీ మొదట్లోనే నా చేత సంతకం పెట్టించుకుంది. కాబట్టి ప్రతి నెలా వీధి చివరి కాయిన్ ఫోను నుంచి మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి లైన్ చెడిపోయిందని చెప్పేదాన్ని. కేబుల్ తెగింది, వానకు స్తంభం పడింది, మోడెం కాలిపోయింది. చింతామణిలో ఉన్న స్తంభాలన్నీ ఆ ఏడాది నా నోటితోనే కూలాయి. "ప్రతి నెలా సరిగ్గా ఇదే సమయానికి మీ ఊళ్ళో లైన్ చెడుతుందేమిటి?" అని ఆమె ఒకసారి అడిగింది. ఆమె కూడా ఆడదే, చెప్పేయొచ్చు. కానీ ఇంకో స్తంభం కూల్చాను. అంత చదువుకున్న మనిషితో, మా అత్తగారు వైఫైకి మైల పాటిస్తుందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆ రోజుల్లో అత్తగారి మీద నాకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు. పైకి ఒక్క మాట అనేదాన్ని కాదు. ఆమె మొహం చూడకుండా వడ్డించేదాన్ని, ఆమె అడిగినదానికి ఔను కాదు అని మాత్రం చెప్పేదాన్ని. ఆమె ఉతికి ఆరేసిన చీరలు ఆమెనే తీసుకోనిచ్చేదాన్ని. ఆమె పూజ చేస్తూ గంట కొడితే ఆ చప్పుడుకు నా పళ్ళు పటపటమనేవి.

ఎడిటర్ పరీక్ష రానే వచ్చింది. కంపెనీ చెప్పిన రోజున, పొద్దున్న నుంచి సాయంత్రంలోగా, వాళ్ళు పంపిన ఆడియోలు విని దిద్ది పంపాలి. తప్పితే మళ్ళీ ఎప్పుడో. ముందునాడే నేను బయట చేరాను. రావలసిన రోజు కూడా కాదు. ఏడుపొచ్చింది.

"ఏడవద్దు. ఈ ఒక్క దినం ఆపొద్దని అమ్మకు చెప్పే పోతాను," అన్నాడు మా ఆయన. తెల్లారి మొదటి బస్సుకు బాగేపల్లి వెళ్ళిపోయాడు.

లాగిన్ అయ్యాను. మొదటి ఆడియో దిగింది. రెండోది దిగుతుండగా గీతలు పోయాయి. నేను గదిలోంచి పిలిచాను, బతిమాలాను. అత్తగారు మడి కట్టుకుని పూజలో ఉన్నారు, మడిలో మాట్లాడరు. హారతి అయ్యాక బయటికి వచ్చి, "ఆయన మీకు చెప్పలేదా?" అని నేనడిగితే, "వాడు ఏమీ చెప్పలేదే!" అన్నారు. పచ్చి అబద్ధం అనుకున్నాను. ఇంక ఆ గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడాలనిపించలేదు. లాప్‌టాప్, పెడల్, హెడ్‌ఫోను బట్టల సంచిలో కుక్కుకుని, శిడ్లఘట్ట మీదుగా పోయే చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కాను. పుట్టింటికి పోయేటప్పుడు హైవే పక్కన కొత్తగా కట్టిన ఒక హోటల్ ముందు వైఫై ఫ్రీ అన్న బోర్డు చూసి ఉన్నాను.

సంతకం సంగతి గుర్తుంది. ఇది పరీక్షే కదా, పని కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ హోటల్ బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే కార్లవాళ్ళ కోసం పెట్టింది. క్యాషియర్ నన్నూ నా సంచినీ చూసి, పాస్‌వర్డ్ ఏమీ అక్కర్లేదమ్మా, హోటల్ పేరు నొక్కితే చాలన్నాడు. ప్లగ్గు ఉన్న బల్ల వెతుక్కుని, పెడల్ కింద పెట్టి, చెప్పు విప్పి కాలు ఆనించాను. నెట్ వస్తూ పోతూ ఉండేది. పోయినప్పుడల్లా మళ్ళీ పేరు నొక్కి, మళ్ళీ ఒప్పుకుంటున్నానని నొక్కి, ఆగిన చోటి నుంచి దింపుకునేదాన్ని. చుట్టూ గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు, మిక్సీ. వాటి మధ్య చెవిలో ఎవరో డాక్టరు ఒక పెద్దావిడ తుంటి ఎముక గురించి చెబుతున్నాడు.

"అమ్మా, బల్ల కావల్ల. పెద్ద బ్యాచి వచ్చుండాది," అన్నాడు సర్వరు కాసేపటికి.

"ఇంకో కాఫీ తీసుకురాప్పా. ఇడ్లీ కూడా తే," అన్నాను.

బల్ల కోసం ఆ పూట ఎన్ని ఇడ్లీలు తిన్నానో నాకే తెలియదు. ఆ హోటల్లో పక్క బల్లవాళ్ళు నా గ్లాసు పక్కనే గ్లాసు పెట్టుకున్నారు. బస్సులో ఒకావిడ తన పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టింది. ఎవరికీ ఏమీ అంటలేదు. సాయంత్రం కాకముందే చివరి ఫైలు పంపేసి, అందినట్టు జవాబు వచ్చేదాకా చూసి, మూత మూశాను. బయటికి వచ్చి, లారీల దుమ్ములో నిలబడి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

రాత్రికి ఇంటికి తిరిగి వచ్చి మళ్ళీ ఆ వాకిలి గదిలోనే చేరాను; అమ్మకు చెప్పే పోయానని మా ఆయన అన్నాడు. ఆ వారంలోనే సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. కన్నడలో, చాలా మెల్లగా మాట్లాడింది. పరీక్షలో అందరికంటే నేనే బాగా చేశానంది. అయితే నేను లాగిన్ అయింది ఇంటి నుంచి కాదనీ, దారిన పోయేవాళ్ళెవరైనా చేరగలిగే నెట్‌వర్క్ మీద నుంచనీ తేలిందట. పరీక్షకు పెట్టినవీ నిజమైన రోగుల ఆడియోలేనట. ఇక నన్ను ఉంచుకోవడానికి లేదంది. చివర్లో, కంపెనీ తరఫున కాకుండా తన తరఫున అడుగుతున్నట్టుగా, "ఇంట్లో లైన్ పెట్టుకుని హోటల్‌కు ఎందుకెళ్ళావు తల్లీ?" అంది. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ ఫోను దేవుడి గదిలోదే. స్నానం చేసిన మనిషిని కదా అప్పటికి, నిలబడొచ్చు.

లాప్‌టాప్‌నూ మిగతా సామానునూ కొరియర్‌లో వాపసు పంపాను. తర్వాత ఇంకో రెండు కంపెనీలకు రాసుకున్నాను. పాత కంపెనీ ఎందుకు వదిలింది అనే దగ్గర కథ ఆగిపోయేది.

అనపకాయల కాలం వచ్చింది. మా వైపు ఆ కాలంలో ఇంటింటా పితికిపప్పే. నానబెట్టిన అనపగింజలను ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నొక్కి పొట్టు వదిలించాలి, చాలా ఓపిక కావాలి. ఒక మధ్యాహ్నం నేనూ అత్తగారూ వాకిట్లో గిన్నె మధ్యలో పెట్టుకుని పితుకుతున్నాం. ఉన్నట్టుండి ఆమె అన్నారు:

"మళ్ళ యాడన్నా ఆ పని దొరికేట్లుంటే చూడమ్మా. అంత నేర్చుకొని ఊరికే కూర్చుంటే బాధగా ఉండాది నాకు."

ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. "దొరికితే మాత్రం ఏం లాభం? మీరు డబ్బా ఆపేస్తారు కదా!" అన్నాను.

ఆమె చేతిలో గింజ ఆగింది. "వాడు ఆపమంటేనే కదమ్మా ఆపింది?"

"ఎవరు?"

"ఇంకెవురు, నీ మొగుడు. నాకేం తెలుసు దాని సంగతి, చదువుకున్నోడు వాడు. నువ్వు బయట ఉండేటప్పుడు అది దేవునికి అంటుతాదా అని అడిగితిని. అంటుతాదమ్మా అనె. అట్లయితే దాన్ని తీసి హాల్లో పెట్టేద్దాము, నీ పని చెడిపోతాది అంటిని. వద్దులే, ఆ మూడు దినాలు ఆపేయి, నీ కోడల్నీ కొంచెం సుదారించుకోనీ, అలుపు తీరుతాది అనె."

"మామయ్యగారు పెట్టిన చోటని, కదిలిస్తే అన్నం మానేస్తానన్నారంట కదా మీరు?"

"నేనా? ఆ ప్లాస్టిక్ డబ్బాకా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఆయన పోయినాక ఆయన పంచాంగాలే కట్టకట్టి అటక మీద ఏస్తిని కదమ్మా."

పరీక్ష రోజు గురించి అడిగాను. ఏ పరీక్ష అని అడిగారామె.

ఏడాది పొడుగునా ఈ మనిషి మొహం చూడకుండా అన్నం పెట్టాను. నాకున్న కోపమంతా నా చేతనే తప్పు మనిషి మీద ఖర్చు పెట్టించాడు మా ఆయన. మిగిలిన గింజలు ఆమే పితికారు.

ఆయన సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే అడిగేశాను. అత్తగారు అక్కడే ఉన్నారు, ఉండనీ అనుకున్నాను. ఆయన మొదట నవ్వబోయాడు, తర్వాత తువ్వాలు పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"నీకు నెల తిరిగేసరికి జీతం పడ్తాంది. నాకు ఎప్పుడొస్తాదో నాకే తెలీదు. పెళ్ళాం సంపాదన తింటాండాడని ఎవురూ అనలేదు. నేనే అనుకొంటాంటి. బస్సు దిగి ఇంటికి రావల్లంటే కాళ్ళు రావు. ఆ మూడు దినాలు నువ్వు ఊరికే కూర్చొనుంటే నాకు కొంచెం ఊపిరాడేది. పని పోతాదనుకోలేదు."

నిజమే చెప్పాడు. జాలి పడాలి కాబోలు. నాకు జాలి రాలేదు, ఇన్నేళ్ళైనా రాలేదు. తనకు ఊపిరాడటం కోసం దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు, తల్లిని అడ్డం పెట్టుకున్నాడు, పిల్లలకు చెప్పే చదువును అడ్డం పెట్టుకున్నాడు. చివరికి నా ఒంటిని అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాటే ఆయనతో అన్నాను. అత్తగారు ఆ రాత్రి కొడుక్కి తన చేత్తో వడ్డించలేదు.

పొద్దున నేను లేచేసరికి ఆమె స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, దేవుడి గదిలోంచి ఆ పెట్టెను బయటికి తెస్తున్నారు. తీగను గుమ్మం మీదుగా లాగి, హాల్లో కిటికీ పక్కన ఒక స్టూలు వేసి, దాని మీద పెట్టారు. పసుపు తుడిచారు. ప్లగ్గు పెట్టి, దీపాలన్నీ ఒక్కొక్కటిగా వెలిగేదాకా దాని ముందు నిలబడ్డారు. ముందు రాత్రే నేను బయట చేరాను. వాకిలి పక్క గదిలోంచి చూస్తున్నాను.

"ఇంక ఎప్పుడైనా చేసుకోవచ్చమ్మా," అన్నారు నా వైపు తిరిగి. "చూడు, ఆ గదిలోకి వస్తాందా?"

నా దగ్గర లాప్‌టాప్ లేదని ఆమెకూ తెలుసు.

"వస్తోందత్తమ్మా," అన్నాను.